ఆరున్నొకటి

మొన్న సాయంత్రం మా అమ్మాయి బడి నుంచి వచ్చీరాగానే సంచీ మూలకు విసిరి, "రేపట్నుంచి నేను పోనుమ్మా" అంది. చదివేది నాలుగో తరగతి. టీచర్ పెన్సిళ్లు లెక్కపెట్టి పంచమంటే "లాభం, రెండు, మూడు" అని మొదలుపెట్టిందట. ఆరు తర్వాత "ఆరున్నొకటి" అందట. తరగతంతా ఒకటే నవ్వు. బడి వదిలేసరికి దాని పేరే లాభం అయిపోయింది. ఈ దెబ్బతో పిల్ల లెక్కలంటేనే బెదిరిపోతుందేమోనని నాకు గుబులు పట్టుకుంది. దానికి తుమ్ము వచ్చినా గుబులు పడేదాన్నే అనుకోండి, అది వేరే సంగతి. ఆ లెక్క నేర్పింది నిరుడు పోయిన మా నాయన.

ముదిగుబ్బ దగ్గర మా ఊళ్లో, కళ్లంలో శెనక్కాయలు తట్టతో కొలిచేటప్పుడు నాయన ఒకటి అనేవాడు కాదు, లాభం అనేవాడు. ఏడు మాత్రం నోట రానిచ్చేవాడే కాదు. "ఏడంటే ఏడ్సమనే కదా పాపా. వాన ఎట్లాగూ ఏడిపిస్తానే ఉండాది, మన నోటితో మనమెందుకు పిలిసేది?" అనేవాడు. ఆ కాయల్లోనూ చాలావరకు తాలే, చెవి దగ్గర ఊపితే ఎండిన గింజ గలగలమనేది. నేను అనంతపురంలో డిగ్రీ చదివే రోజుల్లో మా లెక్కల మేడం ఒక సంఖ్య చెప్పింది: 142857. ఏడుకు మా ఇంట్లో పట్టిన చెడ్డపేరు వదిలించి తీరాలని, సెలవులకు రాగానే కళ్లం మట్టి మీద పుల్లతో రాసి చూపించాను. రెండుతో హెచ్చవేస్తే 285714. మూడుతో 428571. ఆరు దాకా దేనితో వేసినా అవే అంకెలు, అదే వరుస, మొదలయ్యే చోటు ఒక్కటే మారుతుంది. నాయన గొంతుక్కూర్చుని, "గానుగెద్దు మాదిరి ఈడీడ్నే తిరుగుతాండాదే!" అని మురిసిపోయాడు.

"ఇప్పుడు ఏడుతో చూడు నాయనా."

"దాంతో వద్దులే పాపా. బాగుండే లెక్క చెడగొడతావు."

నేను వినలేదు. 999999. అన్నీ తొమ్మిదులే. "ఏడుపు యాడుంది నాయనా?" అన్నాను. ఆయన ఆ అంకెల వెంట వేలు నడిపించి, తల గోక్కుని, "పదిలక్షలకు ఒకటి తక్కువే కదా. ఇంత తిరిగీ ఆడికొచ్చి నిలిచిపాయె. నేను చెప్పలా, అది ఏడుపేనని" అన్నాడు. పక్కన తాలు ఏరుతున్న మా అమ్మ, "తండ్రీబిడ్డా మట్టిలో ఆడుకుంది చాలు, తట్ట పట్టండప్పా" అని కసిరింది. మళ్లీ లాభం నుంచి మొదలు.

మొన్న పిల్లను వంటింటి గడప మీద కూర్చోబెట్టుకుని అదే లెక్క చేయించాను. తాత మాట మాన్పించడం నాకిష్టం లేదు. నలుగురు నవ్వారని బడి మాన్పించడం అసలే ఇష్టం లేదు. "బడిలో ఏడు అను. కొలిచేటప్పుడు ఆరున్నొకటి అను. రెండూ నీవే. నవ్వేవాళ్లకు ఈ లెక్క వేసి చూపించు" అన్నాను. తొమ్మిదుల వరుస రాగానే తాత అన్న మాట కూడా చెప్పాను, నవ్వుతుందని. అది నవ్వలేదు. "ఒకటి కలిపితే సరిపోతాది కదమ్మా, తాత కలపలేదా?" అని తనే కలిపి, వరుసగా సున్నాలు పెట్టుకుంటూ పోయింది. మర్నాడు బతిమాలించుకోకుండానే బడికి వెళ్లింది.

దాని వయసుకు తక్కువ కనిపిస్తే కలపాలనే తోస్తుంది. నాయనకు తోచక కాదు. ఆయన కాలం ఆయన చేతిలో ఆ ఒక్కటి మిగల్చలేదు.