ఇంజన్ రూమ్‌లో మోగిన గంట

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఎవరైనా చెబితే వినే ఓపిక కూడా లేదు. కార్లలో వచ్చే చప్పుళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనిపెట్టడం నా ఉద్యోగం. డ్యాష్‌బోర్డ్ కిరకిరలాడినా, తలుపు దడదడలాడినా దానికి కారణం ఉండి తీరుతుంది. దొరకలేదంటే నేను సరిగ్గా వెతకలేదని అర్థం. డెట్రాయిట్ దగ్గర నోవైలో చాలా ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను.

అమ్మ కాకినాడ నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్న వేసవి అది. ఆదివారం ఇక్కడి తెలుగు చర్చికి రమ్మంటే, "నువ్వెళ్ళమ్మా, నాకు మోకాళ్ళ నొప్పులు" అనేది. మోకాళ్ళ సంగతి కాదని నాకు తెలుసు.

నా తమ్ముడు ప్రేమ్ సరుకు ఓడల్లో ఇంజనీర్. కొన్నేళ్ళ కిందట, నడిసముద్రంలో డ్యూటీలో ఉండగా కనిపించకుండా పోయాడు. శవం దొరకలేదు. డ్యూటీ మధ్యలో వదిలేసి పైకి వెళ్ళి, తనంతట తానే దూకేశాడని కంపెనీ వాళ్ళు తేల్చేశారు. అలా తేలిస్తే వాళ్ళకి ఏ పూచీ ఉండదు మరి. ఆ మాట పట్టుకుని మా ఊరి పాస్టర్ అయ్యగారు జ్ఞాపకార్థ కూడిక పెట్టనన్నారు. అలా పోయినవాడికి కూడిక పెడితే సంఘానికి మంచి సాక్ష్యం కాదట. చిన్నప్పటి నుంచి ఆ సంఘంలోనే డోలక్ వాయించాడు నా తమ్ముడు. అప్పుడు మాత్రం వాడు కావలసి వచ్చాడు.

వాడు డ్యూటీ వదిలేశాడంటే మేమెవరం నమ్మలేదు. ఇంజన్ రూమ్‌లో ఉన్నవాడు, తర్వాతివాడు వచ్చి డ్యూటీ తీసుకునేదాకా కదలకూడదు. అది వాళ్ళ పద్ధతి. సెలవుకి ఇంటికొచ్చినా వాడికి ఆ పిచ్చి వదల్లేదు. పాలు చూడమని స్టవ్ దగ్గర పెడితే, పొయ్యి ఆపేశాక కూడా అక్కడే నిలబడి "రిలీవ్ చెయ్యమ్మా!" అని కేకలు పెట్టేవాడు. అమ్మ విసుక్కుంటూ వచ్చి, "నేనొచ్చాను, ఇక నువ్వెళ్ళు నాన్నా" అంటేనే కదిలేవాడు. మాకు అదొక ఆట.

ఒక శనివారం పొద్దున అమ్మే అడిగింది. ఓడ లోపల ఎలా ఉంటుందో చూపిస్తానని ప్రేమ్ ఎప్పుడూ అనేవాడట, చూపించనే లేదు, ఒక్కసారి చూడాలంది. ఈరీ సరస్సు ఒడ్డున మ్యూజియంగా నిలబెట్టిన పాత సరుకు ఓడ ఒకటి ఉందని తెలిసి, డ్రైవ్ చేసి తీసుకెళ్ళాను.

మాకు ఓడంతా చూపించిన వాలంటీర్ పెద్దాయన ఒకప్పుడు ఇలాంటి ఓడల్లోనే పనిచేశాడు. ఎగువ సరస్సుల రేవుల నుంచి ఇనుప ఖనిజం దించుకురావడం, తిరుగు ప్రయాణంలో బొగ్గు మోసుకెళ్ళడం ఆ ఓడ బతుకంతా చేసిన పని. ఇంతకు రెట్టింపు పెద్ద ఓడలు వచ్చాక దీన్ని ఒక మూల కట్టేశారు. తుక్కు కింద అమ్మబోతుంటే ఊరివాళ్ళు అడ్డుపడి కాపాడుకున్నారు. ఇప్పుడు ఇత్తడి సామానంతా తోమి, తళతళలాడేలా ఉంచుతున్నారు. సరస్సులో పోయిన నావికుల కోసం ఏటా అందరూ చేరి గంట కొడతారని కూడా చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. ఇనుముకున్న గతి నా తమ్ముడికి లేకపోయింది.

మోకాళ్ళ నొప్పుల మనిషి నిటారు ఇనుప మెట్లన్నీ గబగబా దిగింది.

ఇంజన్ రూమ్‌లో గోడకి పళ్ళెమంత ఇత్తడి డయల్ ఉంది. పైనున్న కెప్టెన్ ఏం కావాలో చెప్పడానికి అక్కడున్న ఇలాంటి డయల్ పిడి తిప్పితే, కింద గంట మోగి ముల్లు ఆ మాట మీదకి వస్తుంది. మెల్లగా, జోరుగా, ఆపు. చివరి మాట 'ఇంజన్‌తో పని అయిపోయింది'. అది వస్తేనే కిందివాళ్ళు పైకి రావచ్చు. రిపేర్లప్పుడు ఆ రెండు డయల్స్‌నీ కలిపే గొలుసు తీసేశారనీ, ముల్లు 'ఆపు' మీదే బిగుసుకుపోయిందనీ ఆయన చెప్పాడు.

తర్వాత నవ్వించడానికి ఒక మాటన్నాడు. ఆఖరి ట్రిప్పులో ఇంజన్ ఆపిన ఇంజనీర్‌ని రిలీవ్ చేయడానికి ఎవరూ రాలేదట. లెక్క ప్రకారం అతని డ్యూటీ ఇంకా నడుస్తూనే ఉందట. మాతోపాటు ఓడ చూడ్డానికి వచ్చినవాళ్ళంతా నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారని అమ్మ అడిగితే తెలుగులో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

మిగతావాళ్ళు మెట్లెక్కుతున్నారు. అమ్మ ఆ డయల్ దగ్గరికి వెళ్ళింది. దాన్ని ముట్టుకోలేదు. ఆ పక్కనే నేను నిలబడ్డాను, కాబట్టి ఖచ్చితంగా చెప్పగలను. పాలగిన్నె దగ్గర అన్నట్టే, కాస్త విసుగ్గానే అంది.

"నేనొచ్చాను. ఇక నువ్వెళ్ళు నాన్నా."

గంట మోగింది. ముల్లు కదిలి చివరి మాట మీదకి వెళ్ళి ఆగింది.

పెద్దాయన గబగబా వెనక్కి దిగాడు. ఎవరు ముట్టుకున్నారని అడిగాడు. తర్వాత నన్ను పైకి తీసుకెళ్ళి చూపించాడు. పై డయల్ అద్దాల పెట్టెలో, తాళం వేసి ఉంది. ముల్లు 'ఆపు' మీదే ఉంది.

నేను నా పని చేశాను. డయల్ వెనక వేలు పెట్టి చూస్తే గొలుసు ఉండాల్సిన చోట ఖాళీ. ఓడలో ఏ మోటారూ నడవడం లేదు. పక్క నుంచి ఏ పడవా పోలేదు. ఇంకో శనివారం అనుమతి అడిగి, ఆఫీసులో వాడే సెన్సర్లు తెచ్చి పెట్టాను. ఏమీ దొరకలేదు. ఆ ముల్లుని మళ్ళీ 'ఆపు' మీదకి తేవడానికి నూనె పోసి, పెద్దాయనా నేనూ కలిసి కింది డయల్‌కున్న పిడిని లాగాల్సి వచ్చింది.

ఆరోజు కార్‌లో అమ్మ, "ఆ ముల్లు ఆగిన చోట ఏం రాసుందే?" అని అడిగింది. చెప్పాను. ప్రేమ్ పోయిన కబురు వచ్చాక అమ్మ ఏడవగా చూడడం అదే మొదలు.

"వాడు వదిలేసి పోలేదు. నేను ముందే చెప్పాను గదా," అంది.

ఇంటికొచ్చి కాకినాడకి ఫోన్ చేసింది. అంతా విని, అది దురాత్మల పని, ప్రార్థనలో ఉండమ్మా అన్నారు అయ్యగారు. అమ్మ ఫోన్ పెట్టేసింది. కంపెనీకి నేనేం చెప్పను, తుప్పు పట్టిన ముల్లు ఒకటి కదిలిందనా? కూడిక ఈనాటికీ జరగలేదు.

అమ్మ మాత్రం ఆ రాత్రి నుంచి బాగా నిద్రపోతోంది. నిద్ర పట్టనిది నాకే. ఆ గంట ఉత్తదే అయితే, మా అమ్మ పాత ఇనుముతో మాట్లాడింది. నిజమే అయితే, అందరూ వాడు పారిపోయాడని అంటున్న ఇన్నేళ్ళూ నా తమ్ముడు ఎక్కడో చీకట్లో, ఎవరైనా వచ్చి వెళ్ళమంటారని నిలబడే ఉన్నాడు. ఆ చప్పుడికి కారణం నాకు ఇంకా దొరకలేదు. నాకు తెలిసిన పద్ధతిలో అయితే, సరిగ్గానే వెతికాను.