బంతి గాల్లో ఉన్నంతసేపు

నేను మొదట కొన్న జపాన్ మాంగా వాలీబాల్ గురించి. ఆటలంటే నాకు ఏనాడూ పడదు. బడిలో ఆటల పీరియడ్ వస్తే అందరి చెప్పులకూ కాపలా ఉంటానని ముందే చేయెత్తేదాన్ని. అయినా ఆ బొమ్మల పుస్తకం ఎందుకు కొన్నానంటే, అట్ట మీది కుర్రాడు తల పైకెత్తి బంతిని చూస్తున్న తీరు నచ్చింది.

మద్దిలపాలెంలో బస్సెక్కి మధురవాడలోని ఆఫీసుకు చేరేలోపు ఒక అధ్యాయం అయ్యేది. పుస్తకం పూర్తయ్యాక అదే కథను యానిమేగా, అంటే కదిలే బొమ్మలుగా, ఫోన్లో చూడటం మొదలుపెట్టాను. యానిమేలో బూట్లు చెక్కనేల మీద కీచుమంటాయి, బంతి అరచేతికి తగిలిన చప్పుడు చెవిలో పడుతుంది, సంగీతం మనల్ని కూడా లేపి నిలబెడుతుంది. మాంగాలో ఇవేవీ లేవు. కుర్రాడు ఎగురుతాడు. పేజీ తిప్పితే ఒక్క మాట ఉండదు, తెల్లటి కాగితం మీద ఒక చెయ్యి, ఒక బంతి. అక్కడ నేను ఊపిరి బిగబట్టేదాన్ని. బస్సులో హారన్లు కూడా వినిపించేవి కావు.

అన్నిటికంటే నాకు గొప్పగా అనిపించింది ఓడిపోయేవాళ్ళకు ఆ కథల్లో దొరికే చోటు. ఇలా వచ్చి అలా ఓడిపోయే జట్టులో కూడా, ఒకడు చిన్నప్పుడు ఇంటి గోడకు బంతి కొట్టుకుంటూ పెరిగిన సంగతి చెబుతారు. వాడు ఓడి, నీళ్ళ సీసా సంచిలో పెట్టుకుని, ఇంటిదారి పట్టేదాకా బొమ్మలు వేస్తారు. గెలిచినవాళ్ళను వదిలేసి అలా వాడి వెనకే నడిచే కథను నేను అంతవరకూ చదవలేదు.

ఇలా ఉండగా ఆఫీసులో ఆడవాళ్ళకు త్రోబాల్ పోటీలు పెట్టారు. మా టీమ్‌లో ఒక మనిషి తక్కువైంది. కెప్టెన్ మా సీనియర్ అక్క. ఆవిడది భీమిలి దగ్గర సముద్రపొడ్డు ఊరు, ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ చేపల వేటకు వెళతారు. ఆవిడ నేరుగా నా సీటు దగ్గరికి వచ్చింది.

"ఎప్పుడు సూసినా ఫోన్లో బంతాటే సూత్తావు కదే. సూసింది సాల్లే, రా, ఆడు."

ఫోన్ పక్కన పెట్టి ఆవిడ వెంట నడిచాను.

త్రోబాల్‌లో వచ్చిన బంతిని రెండు చేతులా పట్టుకుని వెంటనే వల అవతలికి విసరాలి. బంతి ఇద్దరి మధ్యకు వస్తే, పట్టేవాళ్ళు "నాది" అని గట్టిగా అరవాలి. లేకపోతే ఇద్దరూ ఢీకొంటారు, లేదా ఇద్దరూ ఆగిపోతారు. ఈ సంగతి నేను ఎన్ని పేజీల్లో చదివానో! కానీ ప్రాక్టీసులో మొదటి బంతి ఎత్తుగా వచ్చినప్పుడు, ఇది అక్కకు దగ్గరా, నాకు దగ్గరా, అరిస్తే అందరూ నావైపు చూస్తారు కదా అనుకుంటూ ఉండగానే, అది మా మధ్యన పడి దొర్లిపోయింది.

"ఏటే, బంతికి దణ్ణం పెడతన్నావా?" అంది అక్క.

"ఆలోచిస్తున్నానక్కా."

"ఆలోసనేటి? అది నీకోసం గాల్లో కూకుంటాదేటి?"

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఎందుకంటే నేను చదివే కథల్లో నిజంగానే కూర్చుంటుంది. ఒక్క సర్వీసు వల దాటేలోపు కోచ్ తిట్లు, అమ్మ కట్టిచ్చిన క్యారేజీ, నిరుటి ఓటమి అన్నీ గుర్తొస్తాయి. ఎపిసోడ్ అయిపోతుంది, బంతి ఇంకా పైనే ఉంటుంది.

పోటీకి ముందురోజు అక్క నన్ను పక్కకు పిలిచింది.

"నీ సేతుల్లో పట్టుందే. నోరే లేదు. రేపు అరవకపోతే నాను తీసేత్తాను. కోపం కాదు, ఒకర్నొకరు గుద్దుకుంటే దెబ్బలు తగులుతాయి."

"గొంతు రావట్లేదక్కా."

"మా ఇంటికాడ మెల్లగా మాటాడితే గాలికి కొట్టుకుపోద్ది. ఎవులికీ ఇనపడదు. అందుకే అరుత్తాం. సిగ్గేటి అందులో?"

మా ఇంట్లో గోదావరి జిల్లా మర్యాద, పక్కగదికి వినిపిస్తే అది గట్టిగా మాట్లాడినట్టు. బయట కూర్చుని చూడటం నాకు అలవాటే, ఇష్టం కూడా. కానీ ఈసారి తీసేస్తారంటే భయమేసింది. ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే రాసుకున్నాను: నాకు ఆడాలని ఉంది.

మర్నాడు ఆఫీసు పార్కింగ్ పక్కన సున్నంతో గీసిన కోర్టులో ఆట. అవతలి అమ్మాయి విసిరిన బంతి బాగా పైకి లేచి, అక్కకూ నాకూ మధ్యకు దిగుతోంది. ఆ కథలు అబద్ధం చెప్పలేదని నాకు అప్పుడు తెలిసింది. అక్క పాదం నావైపు కదలడం, నేల మీద వల నీడ, చూస్తున్నవాళ్ళ మొహాలు, గొంతులో ఇరుక్కున్న మాట, ఇవన్నీ ఆ కాస్త సేపట్లోనే పట్టాయి. మాట పెగలని మనుషులకు లోపల కాలం అలాగే సాగుతుంది. దాన్ని తొందరపెట్టకుండా, ఎన్ని పేజీలైనా సరేనని బొమ్మలు వేసినవాళ్ళు ఎంత ఓపిక గలవాళ్ళో!

"నాది!"

అది నా గొంతేనని వెంటనే పోల్చుకోలేకపోయాను. అక్క ఠక్కున వెనక్కి తగ్గింది. బంతి నా చేతుల్లో పడింది. విసిరాను. వలకు తగిలి మావైపే పడింది. పాయింటు పోయింది.

"నాను జడుసుకున్నాను తల్లీ," అంది అక్క, గుండె మీద చెయ్యేసుకుని. "ఎనకాల ఇంకెవులో అరిసారనుకున్నాను."

"తీసేస్తావా అక్కా?"

"ఎందుకు తీయడం? ఇసరడం తరవాత నేర్సుకుందువులే. నీ సోట్లో నిలబడు. ఇప్పుడాళ్ళు మళ్ళీ నీకే ఏత్తారు."

నిలబడ్డాను. అవతలి అమ్మాయి బంతి అందుకుని, సరిగ్గా నావైపే చూసింది.