మా ఇంట్లో వాళ్ళ ధాన్యం

డెబ్బై ఒకటి యుద్ధంలో మందుపాతర పేలి మా ఆయనకి రెండు కళ్ళూ పోయాయి. మిలటరీ ఆసుపత్రి నుంచి వచ్చి నరసాపురం స్టేషన్లో దిగేసరికి మాకంటూ సొంతిల్లు లేదు. అద్దెకిచ్చిన వాళ్ళెవరూ ఎక్కువ కాలం ఉండనివ్వలేదు. ఆయన నిద్రలో కేకలు పెట్టేవారు. పక్క వాటాలో పిల్లలు జడుసుకుంటున్నారని ఒకరు, ఇల్లు బాగుచేయించుకోవాలని ఇంకొకరు ఖాళీ చేయించారు. చివరికి మొగల్తూరు దగ్గర, ఆయన సొంతూళ్ళో, చర్చి వసారాలో చాప పరుచుకున్నాం.

అప్పుడు ఊరి ప్రెసిడెంటు గారొచ్చారు. మా ఆయనతో ఒకే బెంచీ మీద చదువుకున్న మనిషి.

"దేశం కోసం కళ్ళిచ్చినోడివి, నువ్వు వసారాలో పడుకుంటే మాకు పరువు తక్కువరా. ఊరి తరఫున ఇల్లు కట్టిస్తాను" అన్నారు.

శంకుస్థాపనకి పెద్ద ఆఫీసర్లు వచ్చారు. పాత యూనిఫాం ఇస్త్రీ చేసి తొడిగాను. ప్రెసిడెంటు గారే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, గునపం అందించి, మొదటి దెబ్బ వేయించారు. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆ రోజు అన్నం తింటూ ఆయన నవ్వారు. యుద్ధం నుంచి వచ్చాక నేను చూసిన మొదటి నవ్వు అదే.

గోడలు లేస్తున్నన్నాళ్ళూ ఆయన మకాం అక్కడే. తడిమి తడిమి కిటికీ ఎక్కడో, గుమ్మం ఎక్కడో నేర్చుకున్నారు. "గడప పెట్టకండి, కాలు తట్టుకుంటుంది" అని తాపీమేస్త్రీని ఒప్పించారు. పొయ్యి ఏ మూల కావాలని నన్నడిగారు. పెళ్ళయ్యాక ఆ మాట నన్నెవరూ అడగలేదు.

శ్లాబు వేయడం అయింది. మంచం, ట్రంకు పెట్టె రిక్షాలో వేసుకుని వెళ్ళాం. తలుపుకి తాళం వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే గది నిండా బస్తాలు. నేను చెప్పేలోపే ఆయన, "కొత్త వడ్లు కదూ?" అన్నారు.

తిన్నగా ప్రెసిడెంటు గారింటికి వెళ్ళాం. కుర్చీలు వేయించారు, కాఫీ ఇప్పించారు.

"మా బావమరిది బస్తాలు లేరా. ఈ మాసూళ్ళకి పంట ఎక్కువొచ్చి వాడికి చోటు చాల్లేదు. ఇల్లెక్కడికి పోతుంది?"

"మరి నేనెక్కడికి పోవాలి?"

"అదేంట్రా, వసారా ఉందిగా! ఇన్నాళ్ళూ ఉన్నారు కదా."

మా ఆయన కాఫీ తాగకుండానే లేచారు.

ఆ మాసూళ్ళు అయిపోయాయి, ఎండాకాలం దాళవా పంట కూడా వచ్చింది. బస్తాలు మారాయి గానీ తాళం తియ్యలేదు. బస్సెక్కి ఏలూరు వెళ్ళి పెద్దాఫీసులో మొరపెట్టుకున్నాం. "రికార్డులో మీకు ఇల్లిచ్చేసినట్టే ఉందండి" అన్నారు గుమాస్తా గారు మర్యాదగా. ఊళ్ళో ఒక్కరూ నోరు విప్పలేదు. అందరి ధాన్యమూ ఆ బావమరిది మిల్లుకే వెళ్ళాలి మరి.

"అక్కడ నా కళ్ళు తీసినవాడెవడో నాకు తెలీదు. వీడు నాకు తెలుసు" అన్నారాయన ఒకసారి. ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు.

నాకు ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయా పని దొరికింది. వెనకాల చిన్న గదిచ్చారు. సామాన్లు సర్దుతుంటే, "నీ ఉద్యోగం ఉన్నంతవరకేగా ఇది?" అని అడిగారాయన. అవునన్నాను.

నేను రిటైరవ్వక ముందే ఆయన పోయారు. సమాధుల దొడ్డి నుంచి తిరిగొస్తుంటే మా ఆడపడుచు నా భుజం మీద చెయ్యి వేసి, "అదృష్టవంతుడు వదినా, మళ్ళీ రోడ్డున పడకుండా వెళ్ళిపోయాడు" అంది. ఓదార్పుగానే అంది, పాపం. నేను మాత్రం ఆ చెయ్యి తీసేసి ముందుకి నడిచాను.