వేడెక్కితే ఆగిపోయే చప్పుడు

ఎనభైల మొదట్లో, ఆదివారం పూట అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్లోని మా ఇంట్లో మూడు మెకానికల్ డిగ్రీలు పోగయ్యేవి. రెండు మా ఆయనవి. మూడోది టిఫిన్‌కి వచ్చే ఆయన స్నేహితుడిది, అదీ పీహెచ్‌డీ. నాది ఉత్త కెమిస్ట్రీ.

నేను లాబ్‌కి తీసుకెళ్లే పాత కారు పొద్దున్నే స్టార్ట్ చేయగానే టిక్కుటిక్కుమనేది. లోపలంతా పొగ వాసన. ఆ చలికాలంలో అద్దాలు దించుకుని, చెవులకు మఫ్లర్ చుట్టుకుని డ్రైవ్ చేశాను. అయినా లాబ్ చేరేసరికి తల పగిలిపోయేది.

స్నేహితుణ్ణి ఓసారి చూడమన్నారు మా ఆయన. పీహెచ్‌డీని చలిలో నిలబెట్టడం మర్యాద కాదు కదా, అంచేత ఆయన ఉప్మా తింటున్నంతసేపూ మా ఆయన స్టార్ట్ చేసి వదిలిన ఇంజన్ బయట వేడెక్కుతూనే ఉంది. రెండో కాఫీ అయ్యాక ఇద్దరూ వెళ్లి హుడ్ ఎత్తారు.

"ఏ చప్పుడూ లేదే చెల్లెమ్మా!"

"చల్లగా ఉన్నప్పుడే వస్తుందన్నయ్యగారూ. వేడెక్కితే ఆగిపోతుంది."

"ఇంజన్ చప్పుళ్లు అలా ఆగవమ్మా. నీకు జాబ్ టెన్షన్. తలనొప్పి కూడా దానివల్లే. కొన్నాళ్లు మానేయ్."

జబ్బు కారుది కాదు గనక నాదేనని తేలింది. నెలాఖరుకి నేను ఉద్యోగం మానేయాలని సాయంత్రానికల్లా మా ఆయన ఖాయం చేసేశారు. నన్ను సంప్రదించినట్టే గుర్తు, నేను అంట్లు తోముతున్నప్పుడు.

శనివారం వాళ్ల సాయం లేకుండా, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి హుడ్ ఎత్తాను. పొగనంతా పోగుచేసి గొట్టంలోకి పంపే ఇనప మానిఫోల్డ్ ఇంజన్‌కి అతుక్కునే చోట, కాటుక పెట్టినట్టు నల్లటి చార. టిక్కు అక్కణ్ణుంచే.

పార్ట్స్ షాపులో కౌంటర్ ముసలాయన నేను చెప్పింది విని ఒక్కటే అడిగాడు: "వేడెక్కితే ఆగిపోతుందా?"

అవునన్నాను. ఆయన డిగ్రీలేమిటో నేనడగలేదు.

"ఆ అతుకు మధ్య సందు లేకుండా పెట్టే పల్చటి పట్టీ, గాస్కెట్, పోయింది. ఇనుము వేడికి సాగి ఆ సందు మూస్తుంది, అంతే. బోల్టులకు నూనె కొట్టి నానబెట్టండి. కొత్తది పెట్టాక మధ్యలోంచి చివర్లకి, కొంచెం కొంచెంగా బిగించండి."

నూనెకి నాని మర్నాటికి బోల్టులు వదులయ్యాయి. పాత గాస్కెట్ మాడిన అప్పడంలా చేతిలోనే విరిగింది. అంటుకున్న ముక్కలు గీకి, శుభ్రంగా తుడిచి, కొత్తది పెడుతుండగా పీహెచ్‌డీ గారు టిఫిన్‌కి వేంచేశారు.

"ఈ చివర మొదలెట్టి గట్టిగా బిగించుకుంటూ పో చెల్లెమ్మా," అన్నారు, కోటు జేబుల్లోంచి చేతులు తీయకుండా.

"అలాగే అన్నయ్యగారూ," అని మధ్య బోల్టు మీద రెంచి పెట్టాను. మా ఆయన పానాల పెట్టె మూత పట్టుకుని ఉన్నారు. అది పట్టుకోకపోయినా పడిపోదు.

సోమవారం పొద్దున్న ఇంజన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేశాను. టిక్కు లేదు, వాసనా లేదు. మా ఆయన గుమ్మంలో నిలబడి చాలాసేపు విన్నారు.

"అయితే మరి, ఉద్యోగం సంగతేం చేద్దామంటావు?"

"దానికే లేటవుతోంది," అని రివర్స్ గేర్ వేశాను.