మొండెం ఒకరిది, మోటారు ఒకరిది

కళ్ళద్దాల దుకాణం నడిపే పెద్దల్లుడికి గరుకుగా ఉన్న వస్తువు కనబడితే చేయి ఊరుకోదు. ఎవరింటికి వెళ్ళినా ముందు కుర్చీ చేతుల మీద అరచేయి పాముతాడు, ఆ తర్వాతే కూర్చుంటాడు. అత్తవారింట్లో మొదటిసారి అడుగుపెట్టిన రోజున అత్తగారికి నమస్కారం పెట్టడం మానేసి టీపాయ్‌ని తడిమాడని అతని భార్య ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెప్పి మరీ నవ్విస్తుంది.

అలాంటివాడికి ముప్పై అయిదో ఏట ఒక ముసలి వడ్రంగి తగిలాడు. దుకాణం ఎత్తేస్తూ, తన పాత శాండింగు మిషను చూపించి, "తుక్కువాడికి పడేసేకంటే నువ్వు తీసుకెళ్ళు బాబూ" అన్నాడు. గరుకు కాగితాన్ని గిర్రున తిప్పి చెక్కను నునుపు చేసే యంత్రమది. పెద్దల్లుడు దాన్ని ఇంటికి మోసుకొచ్చి, విప్పి, ముక్క ముక్కా కిరసనాయిల్లో నానబెట్టి, తుప్పు గీకి, బేరింగులు మార్చి, నెల తర్వాత స్విచ్చి వేశాడు. అది గుర్రుమంది. పెద్దల్లుడి కళ్ళు చెమర్చాయి.

"మన పిల్ల మొదటిసారి నాన్నా అన్నప్పుడు కూడా మీరింత కరగలేదు" అంది భార్య.

"పిల్ల ఎలాగూ మాట్లాడుతుందని తెలుసు కదే. ఇది మాట్లాడుతుందని ఎవరనుకున్నారు?" అన్నాడతను.

ఆ ఒక్కటి అయిదేళ్ళలో ఏడైంది. గుమ్మడికాయంత బరువున్నదొకటి. పళ్ళెంలా గుండ్రంగా తిరిగేదొకటి. నేలచెక్కలు నునుపు చేసేది మరొకటి. దీనికి స్విచ్చి వేసిన మొదటిరోజున అది పెద్దల్లుడిని వసారా పొడుగునా ఈడ్చుకుపోయింది. ప్లగ్గు ఊడబట్టి ఆగింది గానీ, లేకపోతే బజారు దాకా తీసుకెళ్ళేదే.

ఈ పిచ్చి అతనితో ఆగితే బాగుండేది. బస్సు డిపోలో గుమాస్తాగా పనిచేసే చిన్నల్లుడు, అంటే పెద్దల్లుడి మరదలి మొగుడు, ఓ ఆదివారం చూడ్డానికని వచ్చి గంటసేపు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. వారం తిరక్కుండా తనూ ఒకటి కొన్నాడు. అక్కణ్ణుంచి తోడల్లుళ్ళిద్దరికీ ఉప్పూ నిప్పూ. మిషను పాత రంగు గీకేసి కొత్త రంగు వేయాల్సిందేనని పెద్దల్లుడు. పాత రంగు ముట్టుకున్నవాడికి పుట్టగతులుండవని చిన్నల్లుడు.

చిలికి చిలికి గాలివాన అయింది ఒక బడి దగ్గర. ఆ బడిలో వడ్రంగం నేర్పడం మానేసి, మంచమంత పొడుగున్న పాత బెల్టు శాండరును అమ్మకానికి పెట్టారు. ఇనప బల్ల, రెండు చివర్లా రెండు డ్రమ్ములు, వాటి మీద పరిగెత్తే వెడల్పాటి గరుకు బెల్టు. ఇద్దరూ పొద్దున్నే ఒకే నిమిషంలో గేటు దగ్గర దిగారు. నేను ముందంటే నేను ముందన్నారు. మధ్యాహ్నం దాకా విని విని స్టోరు గుమాస్తాకి తల బొప్పి కట్టింది.

"అయ్యా, చెరి సగం పట్టుకుపోండి. నేను అన్నానికి పోవాలి" అన్నాడు.

విసుగెత్తి అన్న మాటే. వీళ్ళు నిజంగానే స్పానర్లు తీశారు. ఇనప బల్లా డ్రమ్ములూ పెద్దల్లుడికి, మోటారూ బెల్టూ చిన్నల్లుడికి. వారంలో అవతలివాడే దిగొస్తాడని ఇద్దరికీ ధీమా.

నాలుగేళ్ళు గడిచాయి. ఎవరూ దిగిరాలేదు. పెద్దల్లుడు కదలని బల్లని రోజూ తుడిచి నూనె రాసేవాడు. చిన్నల్లుడు ఆదివారం ఆదివారం పెద్దల్లుడికి ఫోను చేసి, పలకరింపు కూడా లేకుండా, మోటారు శబ్దం వినిపించేవాడు. పెద్దల్లుడేం తక్కువ తిన్నాడా? ఫోను డ్రమ్ము దగ్గర పెట్టి, చేత్తో గరగరా తిప్పి వినిపించి, పెట్టేసేవాడు. అక్కచెల్లెళ్ళు మాత్రం హాయిగా ఉన్నారు. ఆ పావుగంటా మొగుళ్ళు ఇంకే జోలికీ పోయేవాళ్ళు కారు మరి.

చివరికి అత్తగారి చీర చిరిగింది.

ఆవిడ భోజనాల బల్ల పైచెక్క పాతబడి పెచ్చులు లేచింది. అల్లుళ్ళిద్దరూ చెరో పక్క నుంచి చెరో చిన్న మిషనుతో నునుపు చేయబోయారు. ఒకవైపు చక్రాల్లా గీతలు పడ్డాయి, రెండోవైపు అలల్లా గుంటలు పడ్డాయి. ఆ వెర్రి చెక్కకే కొత్త చీర కొంగు పట్టుకుని బెత్తెడు చిరిగింది. ఆవిడ ఇద్దరినీ పిలిపించారు.

"ఇద్దరు అల్లుళ్ళు, ఇంటి నిండా మిషన్లు. నా బల్ల చూస్తే ముళ్ళకంప" అన్నారు. "మీ సగం, మీ సగం, రెండూ ఆదివారానికి నా హాల్లో ఉండాలి."

"అత్తయ్యగారూ, అన్నయ్యగారింట్లో అయితే నేను బిగించను" అన్నాడు చిన్నల్లుడు.

"తమ్ముడింట్లో అయితే నేనూ బిగించను" అన్నాడు పెద్దల్లుడు.

"నా హాలు మీ ఇద్దరిదీ కాదుగా? సోఫా వసారాలో వేయించేశాను. ఇక కదలండి."

ఆదివారం ఆరుగురు మనుషులు ఇనప బల్లని మోసుకొచ్చి దించారు. మోటారు బిగించారు, బెల్టు ఎక్కించారు. అన్నేళ్ళ తర్వాత రెండు ముక్కలూ ఒక్కటయ్యాయి. పెద్దల్లుడు భోజనాల బల్ల పైచెక్కని బెల్టు మీద పెట్టి, అది జారిపోకుండా చివరి అడ్డుకమ్మీకి ఆనించి, స్విచ్చి వేశాడు.

మోటారుకి ఆ మధ్యే కొత్త వైండింగు వేయించాడు చిన్నల్లుడు. ఆ వేయడంలో తీగలు తారుమారయ్యాయి. బెల్టు తిరగాల్సిన వైపు కాకుండా రెండోవైపు తిరిగింది.

అటువైపు అడ్డు లేదు. ఉన్నది వీధి తలుపు, అదీ బార్లా తెరిచి. చెక్క ఒక్క ఉదుటున గుమ్మం దాటి, మెట్ల మీంచి ఎగిరి, గేటు పక్కనున్న రెండు పూలకుండీల మీద వాలి, బల్లలా కుదురుగా కూర్చుంది. అప్పుడే పార్శిలు తెచ్చిన కొరియరు కుర్రాడు ఓ అడుగు వెనక్కి వేసి, చెక్కను చూశాడు, ఇంట్లోకి చూశాడు, తన పుస్తకం దాని మీద పరిచాడు.

"సంతకం ఇక్కడ పెట్టండమ్మా" అన్నాడు.

లోపల అప్పటికే యుద్ధం మొదలైంది.

"నీ మోటారు తలకిందులు!"

"మీరు బల్లే తిరగేసి పెట్టారు!"

మోటారు విప్పాలని ఒకరు, బల్ల తిప్పాలని ఒకరు. మళ్ళీ ఆరుగురిని పిలవాలా, వైండింగు వాణ్ణి పిలవాలా అని గొంతులు చించుకుంటుంటే, అత్తగారు సంతకం పెట్టి లోపలికొచ్చి రెండు నిమిషాలు విన్నారు.

"ఆ అడ్డుకమ్మీ ఊడదీసి అటు చివర బిగిస్తే పోదూ?" అన్నారు.

పెద్దల్లుడు కమ్మీ వైపు చూశాడు. రెండే బోల్టులు. అవతలి చివర వాటికి సరిపడా చిల్లులు కూడా ఉన్నాయి. నాలుగేళ్ళు రోజూ తుడిచిన చిల్లులు! సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి గానీ, లోపలెక్కడో నవ్వు కూడా వచ్చింది. ముందు చిన్నల్లుడు కిసుక్కుమన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ పొట్ట పట్టుకుని బల్ల మీదే వాలిపోయారు.

సాయంత్రానికి పైచెక్క అద్దంలా తేలింది. మిషను మాత్రం హాల్లోంచి కదల్లేదు. ఎవరింటికి పోవాలో తేలలేదు మరి. తేలేలోపే అత్తగారు పని పట్టేశారు. కొంగు బిగించి, ముక్కుకి గుడ్డ కట్టి, ముందు తన పీటలు నునుపు చేశారు, ఆపైన పక్కింటివాళ్ళ తలుపు, ఆపైన వీధి మొత్తం. అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడంటారు గానీ, ఇక్కడ అల్లుళ్ళ మిషను అత్త దానం చేసింది.

ఇప్పుడు పెద్దల్లుడు ఏదైనా చెక్క నునుపు చేసుకోవాలంటే ముందురోజే అడగాలి. మొన్న దుకాణం అరల కోసం కొత్త చెక్క పట్టుకెళ్తే, ఆవిడ వసారాలో సోఫా చూపించి, "కూర్చోండి అల్లుడుగారూ, మీ ముందు ఇంకా ముగ్గురున్నారు" అన్నారు. సోఫాలో చిన్నల్లుడు అప్పటికే ఒళ్ళో ఓ స్టూలు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పెద్దల్లుడు పక్కకి జరగమని సైగ చేసి, కూర్చుంటూ ఆ స్టూలు మీద అరచేయి పామాడు.

"గరుకే" అన్నాడు.

"అందుకేగా తెచ్చింది" అన్నాడు చిన్నల్లుడు.