నర్సమ్మ ఇంట్లో ఇంకొక పళ్ళెం

బెల్లంపల్లి గనుల కాలనీలో మా పక్క క్వార్టర్ నర్సమ్మ పోయిన నెలలో పోయింది. పొద్దున్నే ఆమె భర్త, కంపౌండర్ కాక, మా వాకిట్లోకి వచ్చి, "నిద్రలనే పోయింది, జర రాండ్రి" అన్నాడు. చేతిలో చాయ గిన్నె అలాగే ఉంది. ఆమె కోసం కాచిన చాయ. మా అవ్వ ముందు ఆ గిన్నె అందుకుని కింద పెట్టింది, ఆ తర్వాతే ఏడ్చింది.

ఆమె పోలండు మనిషి. యుద్ధకాలంలో ఆ దేశం నుంచి వచ్చిపడ్డవాళ్ళకు కొల్హాపూర్ దగ్గర శిబిరం పెడితే, అక్కడ పనిచేసే మరాఠీ కాకను పెళ్ళి చేసుకుంది. శిబిరం ఎత్తేశాక తక్కినవాళ్ళు తలో దేశం వెళ్ళిపోయారు. ఈమె మాత్రం పోలీసు యాక్షన్ అయిన కొత్తలో కాకతో మా గనుల ఆసుపత్రికి నర్సుగా వచ్చింది. మరాఠీ కలిసిన తెలుగులో మమ్మల్ని ప్రేమగా తిట్టేది. "చేదున్నదా? ఏడ్వు. కాని మింగు" అనేది మందు పట్టుకుని. బతుకమ్మ ఆడితే ఆమె చప్పట్లు అందరికంటే కొంచెం వెనక పడేవి. కొన్నేళ్ళకు ఆమెను సరిదిద్దడం మానేసి మేమే వెనక కొట్టడం నేర్చుకున్నాం.

తన కథ ఎప్పుడూ ఒక్కసారిగా చెప్పలేదు. అవ్వతో, అంటే మా అమ్మతో, కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ కొంచెం కొంచెంగా చెప్పేది. "చలికాలం. తెల్లారకముందే రష్యా సిపాయిలు తలుపు కొట్టిండ్రు. బట్టలు కట్టుకోండ్రి, పోవాలె అన్నరు. మా అవ్వ రొట్టెల పిండి కలిపి పెట్టుకున్నది. ఆ గిన్నెతోటే బండెక్కింది. పిండి పొంగుతది, ఇడిసిపెట్టి ఎట్లొస్త అన్నది." సామాన్ల రైలు పెట్టెలో ఇనుప పొయ్యి మీద ఆ తల్లి రొట్టెలు కాల్చి అందరికీ పంచిందట. ఇది చెప్పేటప్పుడు నర్సమ్మ ముఖం వెలిగేది. ఆ ముఖం చూడాలని నేను మళ్ళీ మళ్ళీ అడిగేదాన్ని.

మిగతాది కాయల వైపే చూస్తూ చెప్పేది. ఒక స్టేషన్లో ఆమె అన్న వేడినీళ్ళ కోసం చెంబు పట్టుకుని దిగాడు. అతను తిరిగి రాకముందే రైలు కదిలింది. మంచు అడవుల్లో చెట్లు నరికే పనిలో తల్లి చనిపోతే, ఆమెకు తన చేతులతోనే మట్టి ఇచ్చి వచ్చింది. అన్న ఏమయ్యాడో మాత్రం ఎవరూ చెప్పలేదు.

వాళ్ళ దేశంలో క్రిస్మస్ ముందటి సాయంత్రం, అనుకోకుండా వచ్చే మనిషి కోసం ఒక పళ్ళెం ఎక్కువ పెడతారట. నర్సమ్మ ఏ పండుగకైనా పెట్టేది. అది అన్న కోసమని మాకు తెలుసు. పెత్రమాస అమావాస్యకు తల్లి పేరు మీద కాకులకు అన్నం పెట్టడం మా అవ్వే ఆమెకు నేర్పింది. ఒక ఏడు అవ్వ ఆ ప్రేమకొద్దీ అన్న పళ్ళెం కూడా తీసుకెళ్ళి గోడ మీద పెట్టి కాకుల్ని పిలిచింది. నర్సమ్మ బయటికి వచ్చి చూసింది.

"అక్కా, మా అన్న సచ్చిండని నీకెవలు చెప్పిండ్రు?"

ఆమె అంత మెల్లగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. అవ్వ వెంటనే పళ్ళెం దించి, కడిగి, మళ్ళీ నర్సమ్మ ఇంట్లో పెట్టి వడ్డించింది. షిఫ్టు దిగి బొగ్గు ముఖంతో పోతున్న ఒకాయన్ని, "రా తమ్మీ, అన్నం తిని పో" అని పిలిచి కూర్చోబెట్టింది. ఆయన మొహమాటపడుతూ తన పేరు చెప్పబోయాడు.

"తిన్నంక చెప్పు" అంది నర్సమ్మ, కూర వేస్తూ. అప్పుడు నవ్వింది. హమ్మయ్య అనుకున్నాను.

ఆ తర్వాత ఏ పండుగకూ ఆ పళ్ళెం ఖాళీగా ఉండలేదు. పోస్టుమాన్ తిన్నాడు, గాజులమ్మే ఆమె తిన్నది, దారి తప్పిన లారీ డ్రైవరూ తిన్నాడు. "మా అన్న గూడ ఎవలింట్లనో గిట్లనే తింటుండొచ్చు, ఫికర్ లేదు" అనేది వాళ్ళను సాగనంపుతూ. ఆమె పక్కింట్లో పెరగడం నా అదృష్టం.

మొన్న పెత్రమాసకు కాక అన్నం కలిపి పట్టుకుని మా అవ్వను అడిగాడు. "వదినా, ఇగ అన్నాచెల్లెండ్లు ఇద్దరికీ గోడ మీదనే పెట్టాల్నా?"

"చెల్లెకు గోడ మీద పెట్టు" అంది అవ్వ. "వాళ్ళన్నకు లోపలనే."

గోడ మీద కాకి వాలింది. లోపల పళ్ళెం పక్కన అవ్వ మంచినీళ్ళు పెట్టి, తలుపు బార్లా తీసింది. కాసేపటికి గేటు చప్పుడైంది. ఎవరొచ్చారో చూడకుండానే అవ్వ అన్నం గిన్నె మూత తీసింది.