యెరూషలేము డబ్బా

జగ్గయ్యపేటలో రిబ్కమ్మ వంటింట్లో రెండు బియ్యం డబ్బాలుంటాయి. పొయ్యి మీద ఎసరు పడేసి, బియ్యం కొలిచి, కడగబోయే ముందు ఒక పిడికెడు తీసి మొదటి డబ్బాలో వేస్తుంది. అది గుడి బియ్యం. క్రైస్తవుల ఇళ్ళల్లో ఇదేం కొత్త కాదు. చేతిలో పైసా ఆడని ఆడవాళ్ళు కూడా దేవుడికి ఏదో ఒకటి ఇవ్వగలగాలని పెద్దవాళ్ళు పెట్టిన పద్ధతి. వింతల్లా రెండో పిడికెడుతోనే. అది యూదులది.

ఆ రెండో డబ్బా ఎప్పుడో మిషను వాళ్ళు పంచిన పాలపొడి డబ్బా. రంగు పోయి, మూత సొట్టలు పడి, తను ఏ దేశం నుంచి వచ్చిందో దానికే గుర్తులేనట్టుంటుంది. లోపల పురుగు పట్టకుండా నాలుగు వేపాకులు. ఈ అలవాటు మొదలుపెట్టింది రిబ్కమ్మ వాళ్ళమ్మ. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు బళ్ళో ఒక దొరసానమ్మ, ఐరోపాలో యూదుల్ని ఇళ్ళల్లోంచి ఈడ్చుకుపోయి ఎట్లా చంపారో చెబుతూ చెబుతూ, మధ్యలో ఆగిపోయి ఏడ్చేసిందట. ఆ పిల్ల ఇంటికొచ్చి, తన వంతు బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన పెట్టింది. ఎందుకే అంటే, "వాళ్ళకి" అందట.

"మనం పాడే కీర్తనలు వాళ్ళవి. మన యేసయ్యని కన్నతల్లి వాళ్ళ ఇంటి పిల్ల. వాళ్ళ ఉప్పు తిన్నవాళ్ళమే మనం" అని పెద్దయ్యాక ఆమె రిబ్కమ్మకి చెప్పేది. కన్ను మూసేముందు ఆ డబ్బా అప్పజెప్పి మరీ పోయింది.

మరి జగ్గయ్యపేట బియ్యం యెరూషలేముకు వెళ్ళే దారేదీ? డబ్బా నిండినప్పుడల్లా రిబ్కమ్మ దాన్ని గుడికి పట్టుకెళ్ళి, "యూదుల పేరు మీద" అని చెప్పి పోసి వచ్చేది. అదికాస్తా గుడిలో అందరూ కలిసి తినే ప్రేమవిందులో పులిహోర అయిపోయేది.

"అంటే పేరు యూదులది, పులిహోర మీదన్నమాట!" అని నవ్వేది కమలాంబ టీచరు. "మా తద్దినాలూ అంతేలే. పేరు పెద్దలది, గారెలు మావి."

కమలాంబ తెలుగు పాఠాలు చెప్పిన బళ్ళోనే రిబ్కమ్మ ఆయాగా పనిచేసింది. ఇద్దరూ రిటైరయ్యారు. ఇళ్ళు పక్కపక్క సందుల్లో. సాయంత్రమయితే కమలాంబ ఇంటి గుమ్మంలో కూర్చుని లోకాన్నంతా చక్కబెడుతుంటారు. ఒకరికి వినాయకుడు, ఇంకొకరికి యేసయ్య. టీవీ వార్తల మీద తిట్లు మాత్రం ఇద్దరికీ ఉమ్మడి.

ప్రతి శుక్రవారం గుడిలో ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన రిబ్కమ్మే నడిపేది. జ్వరాలొచ్చిన వాళ్ళు, పరీక్షలున్న పిల్లలు, క్వారీ పనులకెళ్ళే మగవాళ్ళు, తాగుబోతు అల్లుళ్ళు అందరి వంతూ అయ్యాక, చిట్టచివర యూదులు. ఆకళ్ళతో ఉన్న ఆడవాళ్ళు "ఇంకా యూదులున్నారే" అని గొణిగినా, రిబ్కమ్మ వదిలేది కాదు. ఆ చివరి ప్రార్థనకి గట్టిగా ఆమేన్ చెప్పే గొంతు ఒకటుండేది. అది మహిమది.

మహిమ రిబ్కమ్మ చెల్లెలి కూతురు. తల్లి పురిట్లోనే పోతే, రిబ్కమ్మే పెంచింది. మాటలు రాని వయసులోనే రెండో డబ్బాలో బియ్యం వేస్తానని మారాం చేసేది. దాని పిడికిట్లో పట్టేవి పది గింజలు, కింద పోసేవి వంద. పెళ్ళై నందిగామ వెళ్ళాక కూడా శుక్రవారం వచ్చిందంటే బస్సెక్కి వచ్చేసేది. భర్త డేవిడ్‌రాజు నందిగామలో టైలరు. నెమ్మదస్తుడు. అతనికున్న పిచ్చల్లా చదువు. కుట్టు మిషను ముందు కూర్చుని ఒక కంట బట్ట, ఒక కంట పుస్తకం.

ఆ చదువే మలుపు తిప్పింది. చదివీ చదివీ, తమ ముత్తాతల ముత్తాతలు చెదిరిపోయిన ఇశ్రాయేలు గోత్రాల వాళ్ళేనని అతనికి నమ్మకం కుదిరింది. కోస్తాలో అట్లాంటి కుటుంబాలు కొన్ని ఉన్నాయని తెలిసి, వాళ్ళ దగ్గరికి పోయి పద్ధతులన్నీ నేర్చుకొచ్చాడు. శనివారం యూదుల విశ్రాంతి దినమని షాపు మూసి, ఆదివారం తెరవడం మొదలుపెట్టాడు. గోడ మీది సిలువ దిగిపోయింది. ఒకరోజు మహిమ ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, ఇంక మేం గుడికి రాము. మేం యూదులమయ్యాం."

రిబ్కమ్మ ఫోను పెట్టేసింది. ఆ సాయంత్రం కమలాంబ గుమ్మంలో కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"యేసయ్యని వదిలేశారు టీచరమ్మా. నేను పెంచిన పిల్ల!"

"ఊరుకోవే. పుట్టి బుద్ధెరిగిన కాడ్నుంచి యూదులూ యూదులూ అని ప్రార్థన చేస్తివి. ఆయన పాపం విని విని, ఇదిగో అని నీ ఇంట్లోకే ఇద్దర్ని పంపించాడు. ఇప్పుడు ఏడుస్తావేం?"

రిబ్కమ్మకి ఏడుపులోనే నవ్వొచ్చింది. నవ్వులోనే మళ్ళీ ఏడుపొచ్చింది. పిల్ల తనకి కాకుండా పోతుందేమోనన్నదే ఆమె భయమంతా. మనసు ఆగక ఆ వచ్చే శుక్రవారం ప్రార్థన కూటం కాగానే క్యారేజీ పట్టుకుని నందిగామ బస్సెక్కింది. కింది గిన్నెలో కోడికూర, మధ్య గిన్నెలో అన్నం, పై గిన్నెలో గడ్డపెరుగు. మహిమకి చిన్నప్పట్నుంచీ అదే ఇష్టం: కూరతో సగం, పెరుగుతో సగం.

మహిమ గుమ్మంలోనే కావలించుకుంది. క్యారేజీ విప్పుతుంటే మాత్రం మొహం మారిపోయింది. భర్త వంక చూసింది. డేవిడ్‌రాజు మిషను దగ్గర్నుంచి లేచి వచ్చాడు.

"అత్తయ్యగారూ, ఏమీ అనుకోకండి. మాంసం ఉన్న భోజనంలో పాలూ పెరుగూ ముట్టుకోం. కోడిని కూడా మా పద్ధతిలో కోసిందైతేనే తింటాం."

"పెరుగు లేకుండా అన్నం ఎట్లా తింటార్రా? సరే, పెరుగు పక్కన పెట్టు. కూర తిను. నా చేత్తో చేసా."

మహిమ తల దించుకుంది. "తినకూడదు పెద్దమ్మా."

ఆ మాట రిబ్కమ్మకి ఎక్కడ తగలకూడదో అక్కడ తగిలింది. తన తల్లి చేతి నీళ్ళు తాగని ఊళ్ళో పుట్టిన మనిషి. హోటలు చూరులో విడిగా గ్లాసు పెట్టిన రోజులు కళ్ళారా చూసిన మనిషి. అవన్నీ దాటుకుని ఇంత దూరం వస్తే, తన చేతి కూడు వద్దన్నది ఎవరు? తన వేళ్ళతో గోరుముద్దలు తిన్న పిల్ల.

రిబ్కమ్మ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టింది. మహిమ వచ్చి కింద కూర్చుని, ఆమె ఒళ్ళో తలపెట్టింది. మెల్లిగా అడిగింది.

"పెద్దమ్మా, ఇప్పుడు కూడా మాకోసం ప్రార్థన చేస్తావా?"

"చెయ్యకపోతే ఎట్లా?"

"మేం బావుండాలని చేస్తావా, మేం మళ్ళీ మారిపోవాలని చేస్తావా?"

రిబ్కమ్మ బస్సుకి టైమయిందని లేచింది. ఎవరూ ముట్టని క్యారేజీ కన్నా ఆ ప్రశ్నే బరువుగా ఉంది దారంతా.

విషయం గుడిలో పొక్కింది. పాస్టరు అయ్యగారు కుర్రవాడు, మంచివాడు. తన మందలో గొర్రె తప్పిపోతే నిద్రపట్టని రకం. ఆ ఆదివారం ఇశ్రాయేలు కోసం ప్రత్యేక ప్రార్థన అని ముందే చెప్పి, వేదిక వెనక ఆ దేశం జెండా బొమ్మతో పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. ప్రార్థన ఎప్పట్లాగే రిబ్కమ్మది. మైకు ఇచ్చేముందు చెవిలో చెప్పాడు.

"అమ్మా, డేవిడ్‌రాజు వాళ్ళ మనసు మారాలని కూడా ప్రార్థనలో ఎత్తండి. సంఘమంతా వింటోంది. వాళ్ళు తిరిగొచ్చేదాకా మీరు ఆ ఇంటికి పోకపోతేనే మంచిది."

రిబ్కమ్మ కళ్ళు మూసుకుంది. మనసు మారాలి అనే మాట నోటిదాకా వచ్చింది. ఆమెకి ఆ ఆశ లేదని కాదు, గుండె నిండా ఉంది. కానీ ఒళ్ళో తలపెట్టుకున్న పిల్ల గుర్తొచ్చింది. ఆ పిల్ల వినేట్టయితే ఎట్లా ప్రార్థిస్తుందో అట్లాగే ప్రార్థించింది.

"తండ్రీ, యెరూషలేములో ఉన్నవాళ్ళని కాపాడు. లోకమంతా చెదిరి ఉన్నవాళ్ళని కాపాడు. నందిగామలో టైలరు షాపు వెనక ఉన్న ఇద్దర్నీ కాపాడు. భయం లేకుండా నిద్రపోనీ. ఆమేన్."

అంతే. మైకు ఇచ్చేసింది. ఫ్లెక్సీ గాలికి టపటపా కొట్టుకుంది.

వాకిట్లో అయ్యగారు కలిశాడు. "కొన్నాళ్ళు శుక్రవారం కూటం ఇంకెవరికైనా ఇద్దామమ్మా. మీరు విశ్రాంతి తీసుకోండి."

"సరే అయ్యగారూ. ప్రార్థన ఎక్కడైనా చేసుకోవచ్చుగా" అని చెప్పులేసుకుంది. ఆ శుక్రవారాలు తప్ప ఆమెకి గుడిలో వేరే కుర్చీ లేదు.

ఆ వారంలోనే, ఎక్కడో దూరదేశంలో పండగ చేసుకుంటున్న యూదుల మీద ఎవరో కాల్పులు జరిపారని టీవీలో చూపించారు. రిబ్కమ్మ వెంటనే ఫోన్ చేసింది.

"మాకేం కాలేదు పెద్దమ్మా. కాకపోతే వీధిలో ఎవరో కుర్రాళ్ళు 'ఇక్కడ కూడా ఉన్నార్రోయ్' అని అరుచుకుంటా పోయారు. ఇల్లు అద్దెకిచ్చినాయన భయపడుతున్నాడు. అందుకే శుక్రవారం పొద్దుగూకేముందు మేం వెలిగించే దీపాలు కిటికీలో పెట్టొద్దు, లోపలెక్కడో పెట్టుకుందామంటున్నారు ఈయన."

రిబ్కమ్మకి వాళ్ళమ్మ కథలోని ఇళ్ళు గుర్తొచ్చాయి. తలుపులేసుకుని లోపల వణికిన ఇళ్ళు. సాయంత్రం కమలాంబతో అంది.

"వెళ్ళాలి టీచరమ్మా. కానీ ఏం పట్టుకుపోను? నేను వండింది వాళ్ళు తినరు."

"వండింది తినకపోతే వండనిది ఇవ్వు" అంది కమలాంబ, చిక్కుడుకాయలు ఒలుస్తూ. "మా వాళ్ళల్లో మడికట్టుకున్న పెద్దవాళ్ళు ఇంకోళ్ళ చేతి వంట తినరుగా. వాళ్ళకి స్వయంపాకం ఇస్తాం. బియ్యం, పప్పు, కూరలు, ఉప్పు, చింతపండు. వాళ్ళే వండుకు తింటారు. ఇదీ అట్లాంటి మడేననుకో."

రిబ్కమ్మ ఆమె వంక సూటిగా చూసింది. "ఆ మడి నన్ను గడప తొక్కనిచ్చేది కాదు టీచరమ్మా."

కమలాంబ చేతిలో చిక్కుడుకాయ ఆగింది. "నిజమే" అంది.

ఇంటికొచ్చి రిబ్కమ్మ ఆలోచించింది. ఆ మడి గడప బయట నిలబెట్టింది. మహిమ గుమ్మంలోనే కావలించుకుంది. ఒళ్ళో తలపెట్టింది. కూర ఒక్కటే వద్దంది. రెండూ ఒకటెట్లా అవుతాయి? అనుకుంటూ అన్నం వండబోయి, అలవాటుగా రెండో పిడికెడు తీసి పాలపొడి డబ్బా మూత తెరిచింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

డబ్బా నిండా పచ్చి బియ్యం. ఎవరి మడికీ, ఎవరి పద్ధతికీ అడ్డురాని బియ్యం. ఇన్నేళ్ళూ యూదుల పేరు చెప్పి దాచి, ఒక్క యూదుడి ఇంటికీ చేరని బియ్యం. రిబ్కమ్మ ఒక్కతే పకపకా నవ్వింది.

శుక్రవారం మధ్యాహ్నం, గుడిలో కూటం మొదలయ్యే వేళకి ఆమె నందిగామ బస్సులో ఉంది. ఒళ్ళో డబ్బా, కాళ్ళ దగ్గర సంచి. సంచిలో కందిపప్పు, చింతపండు, కమలాంబ ఇచ్చిన చిక్కుడుకాయలు. అన్నిటి పైన, విప్పని కొత్త ప్యాకెట్టు ఉప్పు.

డబ్బా చూడగానే మహిమ గుర్తుపట్టింది. మూత మీది సొట్టలు వేళ్ళతో తడిమింది. "ఇది యూదులది కదా పెద్దమ్మా" అంది. అని, తనన్న మాట తనకే అర్థమై, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అవును. అడ్రసు ఇన్నాళ్ళకి దొరికింది. పొద్దుగూకకముందే వండెయ్యి. తర్వాత విశ్రాంతి దినమని పొయ్యి ముట్టించరుగా మీరు."

"ఎవరు చెప్పారు?"

"యూట్యూబు చూసా. నీ మొగుడొక్కడికేనా చదువొచ్చింది?"

డేవిడ్‌రాజు మొదటిసారి గట్టిగా నవ్వాడు. వంటయ్యాక, ఎండ వాలుతుండగా, మహిమ రెండు దీపాలు తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళబోయింది.

"అటెక్కడికి? కిటికీలో పెట్టు" అంది రిబ్కమ్మ.

"వద్దత్తయ్యా, ఊరికే గొడవెందుకు?" అన్నాడు డేవిడ్‌రాజు.

"నేను బయట అరుగు మీద కూర్చుంటా. బళ్ళో రౌడీ పిల్లల్ని ముప్పై ఏళ్ళు వరసలో నిలబెట్టా. ఎవడరుస్తాడో అరవనీ, చూస్తా."

మహిమ ఆగి పెద్దమ్మ దగ్గరికి వచ్చింది. "ఆ రోజు నేనడిగిన దానికి నువ్వు జవాబు చెప్పలేదు."

రిబ్కమ్మ ఆ పిల్ల చెంప మీది పొగమసి కొంగుతో తుడిచింది. "నా యేసయ్య నాకు ప్రాణమే. నీకు కాకుండా పోయాడని బాధ లేదని అబద్ధమాడను. కానీ మనుషుల్ని మార్చేది, మార్చనిది దేవుడి పని. మా అమ్మ నాకప్పజెప్పింది పిడికెడు బియ్యం పని. మీరు బావుండాలనే చేస్తానే తల్లీ. పో, దీపం పెట్టుకో."

అరుగు మీద కూర్చుంది. వెనక కిటికీలో రెండు దీపాలు వెలిగాయి. సైకిళ్ళ మీద ముగ్గురు కుర్రాళ్ళు వచ్చారు, కిటికీ చూశారు, అరుగు మీది తెల్లచీర ముసలమ్మనీ చూశారు.

"ఏరా, ఎవరబ్బాయిలు మీరు? ఏ బడి?" అందామె.

ముగ్గురూ గబగబా తొక్కేశారు.

లోపల డేవిడ్‌రాజు ఏదో తెలియని భాషలో పాడాడు. తర్వాత తెలుగులో ఒక కీర్తన అందుకున్నాడు. అది రిబ్కమ్మ అమ్మ జోలపాటగా పాడిన కీర్తనే. లోపల ఇద్దరు, బయట ఒకరు, మధ్యలో కిటికీ. ముగ్గురూ చివరిదాకా పాడారు.

అప్పుడు మహిమ లోపలికి పిలిచి కంచం పెట్టింది. డబ్బా బియ్యపు అన్నం, పప్పు, చిక్కుడుకాయ కూర. ముగ్గురూ కలిసి తిన్నారు. రిబ్కమ్మ చివరి ముద్ద అయ్యాక, పెరుగు సంగతి తలుచుకోకుండానే చెయ్యి కడుక్కోబోయింది.

"ఉండు పెద్దమ్మా" అని మహిమ గిన్నె తెచ్చి ఆమె కంచంలోకి వంచింది. "ఇవాళ మాంసం లేదుగా. పెరుగు పోసుకోవచ్చు."